విడాకులయ్యాక మిద్దె ఎవరిది, బీరువా ఎవరిది?

విడాకుల మాట బయటికి రాగానే అమ్మాయి తరఫు చుట్టాల్లో ఎవరో ఒకరు "సగం ఇల్లు రాయించుకోమ్మా, చట్టముంది" అంటారు. అబ్బాయి తరఫున ఇంకొకరు "మా నాయన కట్టిన మిద్దె, ఇటుక పెళ్ళ కూడా పోదు" అని భరోసా ఇస్తారు. ఇద్దరూ గట్టిగానే చెప్తారు. ఇద్దరి మాటా పూర్తిగా నిజం కాదు.

హిందూ వివాహ చట్టం 1955లో వచ్చింది. విడాకులు ఎట్లా తీసుకోవాలో అందులో ఉంది. కాపురంలో కూడబెట్టుకున్న ఆస్తిని ఇద్దరూ ఎట్లా పంచుకోవాలో మాత్రం లేదు. పెళ్ళయ్యాక సంపాదించినదంతా ఇద్దరిదీ అనే పద్ధతి గోవాలో ఉంది, పోర్చుగీసు వాళ్ళ కాలం నుంచి వచ్చింది. మన ఆంధ్రలో అది లేదు. భర్త స్థిరాస్తిలో భార్యకు వాటా ఇప్పించే బిల్లు ఒకటి 2013 ఆగస్టులో రాజ్యసభ గడప దాటింది గానీ, లోక్‌సభలో గట్టెక్కకముందే ఆ సభ గడువు తీరిపోయింది. బిల్లూ మురిగిపోయింది. అందుకే జడ్జి విడాకుల డిక్రీ మీద సంతకం పెట్టినంత మాత్రాన ఇల్లు పంపకం కాదు. అంతకుముందు ఎవరి పేరు మీద ఉందో ఆ పేరు మీదే ఉంటుంది.

చిక్కంతా ఎక్కడొస్తుందంటే, ఇల్లు ఎవరి సొంతం, అందులో ఎవరు ఉండొచ్చు, దాని మీదున్న అప్పు ఎవరు కట్టాలి, లోపలున్న సామాన్లు ఎవరివి అనే వేరు వేరు ప్రశ్నల్ని జనం ఒకే ముడి వేసేస్తారు. ఒక్కోదానికి ఒక్కో చట్టం. కొన్నిసార్లు కోర్టు కూడా వేరే.

సొంతం సంగతి ముందు చూద్దాం. రిజిస్టరైన సేల్ డీడ్‌లో ఎవరి పేరుంటే ఇల్లు వాళ్ళది. ఇంటి పన్ను రసీదు, కరెంటు మీటరు, ఆధార్‌లో అడ్రసు, ఇవేవీ సొంతదారుణ్ణి చెయ్యవు. ఇద్దరి పేర్లూ ఉండి, వాటాలు రాసి లేకపోతే, ఎవరు ఎంత పెట్టారన్న దానికి గట్టి ఆధారం లేనంతవరకు చెరిసగం అనుకుంటారు. ఆస్తి బదిలీ చట్టం 45వ సెక్షన్ చెప్పేది ఇదే. భర్త డబ్బు పెట్టి భార్య పేరుతో కొన్న ఇల్లయితే? బినామీ చట్టం భార్య పేరున కొన్న ఆస్తిని, డబ్బు లెక్క చూపించగలిగితే, బినామీ అనదు. అంటే ఆయన కోర్టుకెళ్ళి అడగొచ్చు. కానీ "డబ్బు నాది" అన్న ఒక్క మాట చాలదు. ఆమెకు ఇవ్వాలన్న ఉద్దేశంతో కొనలేదని కూడా నిరూపించుకోవాలి. అది అంత తేలిక కాదు.

నాకు బాగా అన్యాయంగా కనిపించేది దీనికి తిరగబడ్డ సంగతి. ఇద్దరూ ఉద్యోగం చేస్తారు. ఆయన జీతంలోంచి ఇంటి లోను కంతు పోతుంది, ఆమె జీతం బియ్యానికీ పిల్లల ఫీజులకూ పెట్రోలుకూ పోతుంది. ఇల్లు ఆయన పేరుతో ఉంటుంది. పదిహేనేళ్ళ తర్వాత చూసుకుంటే ఆయన దగ్గర ఇల్లుంది, ఆమె దగ్గర ఖాళీ పాస్‌బుక్కు ఉంది. చట్టం కంటికి ఇల్లు కట్టింది ఆయనే. 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఈ లెక్కను కొంచెం సరిచేసింది. గల్ఫ్‌లో పనిచేసిన భర్త పంపిన డబ్బుతో కొన్న ఆస్తుల్లో, ఇక్కడ ఇల్లూ పిల్లల్నీ చూసుకున్న భార్యకు సమాన హక్కు ఉంటుందని, ఇంటి చాకిరీ కూడా ఆస్తి సంపాదనలో భాగమేనని చెప్పింది. గల్ఫ్ డబ్బుతో లేచిన మిద్దెలు మన వైపు ఎన్ని లేవు! అయితే అది పక్క రాష్ట్రం తీర్పు. మన హైకోర్టు దాన్ని తప్పనిసరిగా పాటించాలని లేదు, వకీలు వాదనకు పనికొస్తుంది. ఇప్పటికి చేతిలో ఉన్నది ఏమిటంటే, ఆమె ఖాతా నుంచి అడ్వాన్సుకో కంతుకో పోయిన ప్రతి రూపాయికీ బ్యాంకు స్టేట్‌మెంటు తీసి పెట్టుకోవడం.

తిరుపతిలో ఇంకా ఎక్కువగా కనిపించే తంటా వేరే ఉంది. స్థలం మామగారిది. కింద పోర్షన్ ఆయన కట్టుకున్నాడు. కొడుకు పెళ్ళయ్యాక పైన ఒక అంతస్తు లేపారు, ఖర్చు కొడుకూ కోడలిదీ. ఇంకొంచెం డబ్బుంటే ఆ పైన రెండు గదులు వేసి యూనివర్సిటీలో చదివే పిల్లలకు అద్దెకిచ్చారు. ఇప్పుడు విడాకులు. పై అంతస్తు ఎవరిది?

కాగితం ప్రకారం మామగారిది. ఒకరి నేల మీద ఇంకొకరు కట్టినంత మాత్రాన, రాతకోతలు లేకుండా ఆ కట్టడం వాళ్ళదైపోదు. కొడుక్కే అక్కడ పట్టు లేనప్పుడు కోడలికి ఎక్కడిది? ఆమె అడగగలిగింది తను పెట్టిన డబ్బు. అదీ ఖాతాలో కనిపిస్తేనే. నగలు కుదువపెట్టి సిమెంటు కొన్నాం అంటే కుదువ రసీదు కావాలి. లోను తీసుకుని ఉంటే కొంత మేలు. స్థలం ఎవరిదో వాళ్ళను కూడా బ్యాంకు లోను కాగితాల్లోకి లాగుతుంది కాబట్టి, మామగారు, కొడుకు, కోడలు ముగ్గురూ సంతకాలు పెట్టిన కాగితం ఒకటి ఎక్కడో ఫైల్లో ఉంటుంది. ఆ డబ్బు దేనికి వాడారో చెప్పే సాక్ష్యం అదే. ఇంకో మెలిక కూడా ఉంది. ఫ్యామిలీ కోర్టు మొగుడూ పెళ్ళాల మధ్య ఆస్తి తగాదాలు తీరుస్తుంది. మామగారి మీద దావా అంటే సాధారణంగా సివిల్ కోర్టు మెట్లెక్కాలి. మిద్దె వేసేముందే స్థలంలో కొంత భాగం కొడుకూ కోడలి పేరుతో సెటిల్‌మెంటు రాయించుకుని ఉంటే ఈ గొడవే లేదు. కొత్త కాపురంలో ఆ మాట ఎత్తే ధైర్యం ఎవరికుంటుంది, అది వేరే సంగతి.

ఆ స్థలం మామగారి స్వార్జితం కాకుండా తాతల ఆస్తి అయితే కొడుక్కి అందులో వాటా ఉండొచ్చు. అయినా ఆ వాటాను విడాకులిచ్చిన భార్య చీల్చుకుని పోలేదు. భరణం లెక్క కట్టేటప్పుడు "ఈయనకు ఇంత ఆస్తి ఉంది" అని కోర్టుకు చూపించడానికి పనికొస్తుంది, అంతవరకే.

కాలనీ ఇళ్ళది ఇంకో దారి. 2020 డిసెంబరులో మొదలైన పేదలందరికీ ఇళ్ళ పథకంలో పట్టాలు ఆడవాళ్ళ పేరుతోనే ఇచ్చారు. అక్కడ రాళ్ళు మోసింది భర్తే అయినా పట్టా ఆమెది. ఊరి పెద్దమనుషులు కూర్చుని "ఇల్లు వాడికి, రెండు లక్షలు దానికి" అని నూరు రూపాయల బాండు పేపరు మీద రాయించేస్తారు. ఆ పేపరుతో ఇల్లు మారదు. పట్టా స్థలాలను గడువు తీరకముందు అమ్మడానికీ మార్చడానికీ ఆంక్షలున్నాయి. పైగా నూరు రూపాయలకు మించిన స్థిరాస్తిని మార్చాలంటే రిజిస్ట్రేషన్ తప్పదు. ఆచారం ఉందని రుజువైతే తప్ప ఆ పేపరుతో విడాకులు కూడా రావు. ప్రభుత్వం పేదలకిచ్చిన భూముల డీకేటీ పట్టాలకూ, రిజిస్టర్ ఆఫీసులో 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో పడిన సర్వే నంబర్లకూ ఇదే తలనొప్పి. పంచుకోవాలని ఇద్దరూ ఒప్పుకున్నా పత్రం రిజిస్టరు కాదు. ముందు ఆ జాబితా చూసుకోవాలి.

ఉండే హక్కు వేరు

సొంతం కాకపోయినా ఉండే హక్కు ఉండొచ్చు. 2005 గృహహింస చట్టం 17వ సెక్షన్ ప్రకారం భార్యకు కాపురమున్న ఇంట్లో ఉండే హక్కుంది, ఆ ఇల్లు ఎవరి పేరుతో ఉన్నా సరే. అత్తమామల పేరుతో ఉన్న ఇంటికి ఇది వర్తించదని చాలాకాలం అన్నారు. 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు అట్లా చెప్పిన పాత తీర్పును కొట్టేసింది. ఆమెను చట్టప్రకారం తప్ప బయటికి గెంటకూడదు. అదే సమయంలో వయసు మీదపడ్డ అత్తమామల ప్రశాంతత కూడా కోర్టు చూస్తుంది కాబట్టి, చాలాసార్లు ఆ ఇంట్లోనే ఉంచకుండా వేరే ఇల్లు చూపించమనో, అద్దె కట్టమనో ఆర్డరు వేస్తుంది. 19వ సెక్షన్‌లో ఆ వీలుంది.

ఇది నెత్తిమీద నీడ వరకే. అమ్ముకునే హక్కు కాదు, వాటా కాదు. "కోర్టు ఇల్లు నాకిచ్చింది" అని చెప్పుకునే వాళ్ళలో చాలామందికి వచ్చింది ఈ ఆర్డరే. విడాకులు ఖాయమయ్యాక దీని బలం బాగా తగ్గుతుంది. అడిగేదేదో డిక్రీకి ముందే అడగాలి.

ఇల్లు భార్య చేతికి అసలు వచ్చే దారి చాలాసార్లు భరణమే. హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ కింద శాశ్వత భరణం ఇచ్చేటప్పుడు, ఆ డబ్బుకు భర్త స్థిరాస్తి మీద కోర్టు చార్జి పెట్టొచ్చు. అంటే డబ్బు చెల్లేదాకా ఆ ఆస్తి దానికి హామీ. ఇద్దరూ తమ ఆస్తులూ అప్పులూ అఫిడవిట్‌లో చూపించాలని 2020 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అది వచ్చాక "నాకు నెలకు పదిహేను వేలే" అని చెప్పి తప్పించుకోవడం కొంచెం కష్టమైంది.

జాయింటు ఇల్లు, జాయింటు లోను

ఇద్దరి పేరుతో ఉన్న ఇంటిని మధ్యలో గోడ కట్టి పంచలేరు. పార్టిషన్ దావా వేస్తే ముందు ప్రిలిమినరీ డిక్రీలో ఎవరి వాటా ఎంతో తేలుస్తారు, తర్వాత అడ్వకేట్ కమిషనర్ వచ్చి కొలిచి, విడగొట్టడం కుదురుతుందో లేదో చెప్తాడు. కుదరకపోతే 1893 నాటి పార్టిషన్ చట్టం ఉంది. ఒకరు అమ్మించమని అడిగితే రెండోవాళ్ళు ఆ వాటాను కోర్టు కట్టిన ధరకు కొనుక్కోవచ్చు. లేదంటే వేలం. ఇదంతా ఏళ్ళు పట్టే పని, వేలంలో వచ్చే ధర బయటి ధర కాదు. ఒకరి వాటా ఒకరు కొనుక్కోవడమో, ఇద్దరూ కలిసి బయటివాళ్ళకు అమ్మేయడమో మేలు.

ధర దగ్గర జాగ్రత్త. రిజిస్టర్ ఆఫీసు విలువ ఒకటి, బయట పలికే రేటు ఇంకొకటి. కొనేవాళ్ళు మొదటిది పట్టుకుంటారు, అమ్మేవాళ్ళు రెండోది. ఇద్దరికీ పనికొచ్చే పద్ధతి బ్యాంకు వాల్యుయేటర్‌తో లెక్క కట్టించుకోవడం. మన దగ్గర స్థలాలు అంకణాల్లో మాట్లాడతారు కదా, తిరుపతిలో అంకణం అంటే 36 చదరపు అడుగులు, నెల్లూరు వైపు 72. 2022 ఏప్రిల్‌లో ఆ వైపున్న నాయుడుపేట కూడా తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఆ వైపు స్థలమైతే కాగితంలో చదరపు అడుగులే రాయించండి.

అద్దె పోర్షన్లుంటే వాటి లెక్క కూడా ఉంది. జాయింటు ఇంట్లో అద్దె ఒక్కరే వసూలు చేసుకుంటుంటే రెండోవాళ్ళు తమ భాగం అడగొచ్చు. అద్దెకున్న వాళ్ళ దగ్గర తీసుకున్న అడ్వాన్సు మాత్రం అందరూ మర్చిపోతారు. ఎప్పుడో ఖర్చైపోయిన ఆ డబ్బును, ఇల్లు ఎవరికి పోతే వాళ్ళు రేపు తిరిగివ్వాల్సి వస్తుంది. వాటా ధరలో దాన్ని తీసేసుకోవాలి.

లోను సంగతికొస్తే, బ్యాంకుకు మీ విడాకులతో పని లేదు. ఇద్దరూ సంతకం పెట్టారు, ఇద్దరి దగ్గరా పూర్తి బాకీ వసూలు చేసుకునే హక్కు దానికుంది. "మిగతా కంతులు భర్తే కడతాడు" అని రాజీలో రాసుకున్నా, ఆయన ఆపేస్తే ఆమె సిబిల్ స్కోరు కూడా పడిపోతుంది. పేరు తీసేయాలంటే బ్యాంకు ఒప్పుకోవాలి. మిగిలిన ఒక్కరి జీతంతో లోను నిలబడుతుందా అని అది మళ్ళీ చూస్తుంది. అసలు పత్రాలు బ్యాంకులోనే ఉంటాయి కాబట్టి వాటా రాసిచ్చే ముందే మేనేజరుతో మాట్లాడుకోవాలి. ఇది వదిలేసి విడాకులు తీసుకున్న వాళ్ళు తర్వాత కొత్త ఇంటికి లోను పెట్టుకున్నప్పుడు పాత ఇంటి బాకీ తమ పేరు మీదే కనిపించి కంగారు పడతారు.

గిన్నెల మీద పేర్లు

ఇక సామాన్లు. లక్షల ఇంటి గురించి ఒప్పందానికి వచ్చిన వాళ్ళు కూడా గ్రైండరు దగ్గర ఆగిపోతారు.

బంగారు మొదట. అమ్మగారింట్లో పెట్టినదీ, అత్తగారింట్లో పెళ్ళికూతురికి పెట్టినదీ, భర్త కొనిచ్చినదీ, తాళితో సహా ఆమె స్త్రీధనం. పంపకానికి రాదు. భర్త కష్టకాలంలో వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిందే. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒక కేరళ కేసులో 89 సవర్ల బంగారు విషయంలో ఇదే చెప్పి, 25 లక్షలు కట్టమంది. అదే ఏడాది ఆగస్టులో తెలంగాణ కేసులో ఇంకో సంగతి తేల్చింది. స్త్రీధనం కూతురిది, ఆమె బతికుండగా ఆమె చెప్పకుండా తండ్రి వెళ్ళి అడగడానికి లేదు. పెట్టింది నేనే కదా అనే నాన్నలకు ఇది మింగుడుపడదు గానీ, సరైన మాటే.

ఇద్దరికీ కలిపి పెళ్ళిలో వచ్చిన వాటి గురించి వివాహ చట్టం 27వ సెక్షన్ ఉంది. విడాకుల కేసులోనే వాటి పంపకం అడగొచ్చు. పెళ్ళి రోజున ఇచ్చినవే కాదు, పెళ్ళికి సంబంధించి ముందూ వెనకా ఇచ్చినవి కూడా వస్తాయని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. భార్య ఒక్కదానికే చెందినవాటిని గృహహింస చట్టం కింద కూడా వెనక్కి ఇప్పించుకోవచ్చు. కట్నంగా ఇచ్చిన డబ్బైతే, వరకట్న నిషేధ చట్టం కింద అది తీసుకోవడమే నేరం, తీసుకున్నది ఆమెకు అప్పజెప్పకపోవడం ఇంకో నేరం. "ఇచ్చినట్టు చెప్తే మేమూ ఇరుక్కుంటాం" అని అమ్మాయి వాళ్ళు భయపడతారు. బాధితులు ఇచ్చిన వాంగ్మూలం మీద వాళ్ళనే ముద్దాయిలను చేయకుండా అదే చట్టం 7వ సెక్షన్‌లో రక్షణ ఉంది.

రుజువులు ఎక్కడ దొరుకుతాయి? వరకట్న నిషేధ చట్టం కింద వచ్చిన 1985 రూల్స్ ప్రకారం పెళ్ళి కానుకల జాబితా రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోవాలి. అట్లా రాసుకునే వాళ్ళను వెతకాల్సిందే. కానీ మన పెళ్ళిళ్ళలో అంతకన్నా మంచి రికార్డు ఉంది, చదివింపుల పుస్తకం. పందిట్లో ఒక మూల బాబాయో పెదనాన్నో కూర్చుని, ఎవరు ఎన్ని వేలు, ఎవరు ఏ బిందె ఇచ్చారో పేరుతో ఊరితో సహా రాసిన పుస్తకం. దానికి తోడు ఇత్తడి బిందె అంచున, స్టీలు గుండిగ కింద చెక్కించిన పేరూ తేదీ. సారెలో వచ్చిన సామాను ఏదో, తర్వాత కొన్నది ఏదో వంటింట్లో ఆ అక్షరాలే చెప్తాయి. పెళ్ళి వీడియో, నగల బిల్లులు, లాకరు రిజిస్టరు, కుదువ రసీదులు సరేసరి. పుస్తకంలో రాసిన డబ్బు మాత్రం రేపు వాళ్ళింటి పెళ్ళిలో తిరిగి చదివించాల్సిన బాకీ. ఎవరి చుట్టాల పేజీలు వాళ్ళు తీసుకోవడమే న్యాయమని నా లెక్క.

పెళ్ళయ్యాక కొన్న ఫ్రిజ్జు, వాషింగ్ మెషీన్, సోఫాల దగ్గర బిల్లు ఎవరి పేరుతో ఉందో వెతుకుతూ కూర్చోవడం దండగ. ఐదేళ్ళు వాడిన ఫ్రిజ్జుకు వచ్చే ధర ఒక వాయిదా ఖర్చుకు సరిపోదు. పిల్లలు ఎవరి దగ్గరుంటే మంచాలు, చదువుకునే బల్ల, ఫ్రిజ్జు అక్కడికి పోవాలి. మిగతావి ఒకరు రెండు కుప్పలు చేస్తే ఇంకొకరు ఏదో ఒకటి ఎంచుకుంటే సరి. ఇంటి దేవుడి పటాలూ, తరాల నాటి వెండి కుందులూ ఏ ఇంటి నుంచి వచ్చాయో ఆ ఇంటికి. సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు అట్టిపెట్టుకుని బేరాలాడేవాళ్ళు ఉంటారు, అది బెదిరింపు కిందికి వస్తుంది తప్ప పంపకం కిందికి రాదు.

సామాన్లు అప్పజెప్పే రోజు గొడవ ఖాయం అనుకుంటే జాబితా రెండు కాపీలు తీసి, రెండు వైపుల సాక్షులతో, వీడియో తీసుకుంటూ టిక్కు పెట్టుకోండి. గృహహింస కేసు నడుస్తుంటే పోలీసుల్ని తోడుగా పంపమని మేజిస్ట్రేటును అడగొచ్చు.

రాజీ రాసేటప్పుడు

ఇద్దరూ ఒప్పుకుని మ్యూచువల్‌గా వెళ్తే హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద, ఏడాది విడిగా ఉన్నాక మొదటి మోషన్, అంటే ఇద్దరూ కలిసి పిటిషన్ వేయడం, తర్వాత 6 నెలల నుంచి 18 నెలల లోపు రెండోది, అంటే కోర్టులో ఒప్పుదల మళ్ళీ చెప్పడం. తగిన కేసుల్లో ఆ ఆరు నెలలు ఎత్తేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. "ఇద్దరి మధ్యా అన్నీ సెటిలయ్యాయి" అనే ఒక్క వాక్యంతో పిటిషన్ ముగించే వాళ్ళున్నారు. తర్వాత పదేళ్ళ తగాదాకు ఆ వాక్యమే మూలం. ఇంటి సర్వే నంబరు, హద్దులు, డోర్ నంబరు, లోను ఖాతా, ఎవరు ఏ తేదీలోగా ఏం చేయాలి, చేయకపోతే ఏమవుతుంది, అన్నీ రాయాలి. ఇంటి షెడ్యూలు పిటిషన్లోనే ఉండాలి. కేసులో లేని ఆస్తిని రాజీ డిక్రీలో కలిపితే ఆ డిక్రీని రిజిస్టరు చేయించాల్సి వస్తుంది.

వాటా రాసివ్వడం డిక్రీకి ముందా, తర్వాతా? మొగుడూ పెళ్ళాలుగా ఉండగా రాసుకుంటే కుటుంబ సభ్యుల మధ్య సెటిల్‌మెంటు అవుతుంది, స్టాంపు సుంకం అమ్మకం కన్నా తక్కువ, ఆదాయపు పన్ను వాళ్ళు కూడా దాన్ని బహుమతి ఆదాయంగా చూడరు. విడాకులు వచ్చాక ఆ ఇద్దరూ చట్టం కంటికి పరాయివాళ్ళు. కానీ ముందే రాసిచ్చేస్తే, అవతలి వాళ్ళు రెండో మోషన్ రోజు "నేను ఒప్పుకోను" అనొచ్చు. డిక్రీ వచ్చేదాకా ఒప్పుదల వెనక్కి తీసుకునే హక్కు ఇద్దరికీ ఉంది. అందుకే డబ్బు సగం మొదటి మోషన్‌కు, మిగతా సగం డీడీగా రెండోదానికి, సెటిల్‌మెంటు పత్రం ఆ వాయిదాకు ఒకటి రెండు రోజుల ముందు రిజిస్ట్రేషన్ అని వకీళ్ళు ముడిపెడతారు.

వకీలు ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును పెడతారు, ఫోన్ నంబరు 15100. లోక్ అదాలత్‌లో రాజీ అయితే దాని మీద అప్పీలు ఉండదు. చదవకుండా సంతకం పెట్టకూడని చోటు కూడా అదే.

డిక్రీ చేతికొచ్చాక చాలామంది వదిలేసే పని నామినీలు మార్చుకోవడం. పీఎఫ్, ఇన్సూరెన్స్, బ్యాంకు డిపాజిట్లు, లాకరు, అన్నిట్లో పాత పేరే ఉంటుంది. విడాకులతో వారసత్వం పోతుంది గానీ నామినీ కాలమ్‌లో పేరు దానంతట అది పోదు. మళ్ళీ పెళ్ళి చేసుకున్నాక ఏదైనా జరిగితే, పాత నామినీ, కొత్త భార్య, పిల్లలు ముగ్గురూ అదే బ్యాంకు కౌంటరు ముందు నిలబడాల్సి వస్తుంది. ఇంటి పన్ను, కరెంటు, గ్యాసు పేరు మార్పిడి కూడా ఆ వారంలోనే చేయించేసుకుంటే ఆ తర్వాత సంతకం కోసం ఫోన్లు చేసుకునే పని ఉండదు.